పెరటి ముచ్చటలు: తృణమా, ద్రుమమా?



గడచిన నెలలో ఒక సోదరి నాకు వ్రాసిన జాబులోని సంగతి మనలో పలువురకు పనికివచ్చునది గనుక ఈ మాసపు ముచ్చట దానితోనే యారంభించుచున్నాను. వేసవిలో పిల్లలు తిని పాఱవేసిన ఖర్జూరపు గింజలను ఆమె కుండీలలో నాటినదట. వానలు పడినంతనే కుండీల నిండ పచ్చపచ్చగా ఏమేమో మొలచినవట. గడ్డిపోచలవంటివి కొన్ని, మూడాకులవి కొన్ని, ఒక కుండీలో పసుపుపచ్చని చిన్న గొడుగులు నాలుగు. "వీనిలో నా ఖర్జూర మేది? దొర యెవరు, దొంగ యెవరు? అన్నిటిని పెఱికివైచి మరల నాటుదునా?" అని ఆమె ప్రశ్న.

"వలదు, ఒక్క మొలకనైనను పెఱుకవలదు" అని ఆమెకు వెంటనే ప్రత్యుత్తరము వ్రాసితిని. అంత తొందర యెందులకనగా, ఆ పెఱుకుడు పని నేను చేసి నష్టపడినదానను.

మా పుట్టినింటి యూరి చెఱువుగట్టున ఒక ఈతచెట్టు ఉండెడిది. చిన్నతనమున వేసవి సెలవులలో నేనును మా తమ్ముడును చీకటితో లేచి, కాకులు రాకమునుపే రాలుపండ్ల నేఱుకొనెడివారము. ఆ చెట్టు మట్టలతోనే మాయమ్మ ఏటికి సరిపడు చీపురులు కట్టించెడిది. రెండేండ్ల క్రిందట గట్టుమీది బాటను వెడల్పు చేయునపుడు ఆ చెట్టు పోయినది. కొట్టుటకు ముందునాడు మాయమ్మ కడపటి గెలలను కోయించి, పండ్లను బుట్టలో పెట్టి, వచ్చువారిచేత మా యింటికి పంపెను. పిల్లలు పండ్లు తిని గింజలను వీధి పొడుగున ఉమిసివైచిరి. నాకు బుద్ధి పుట్టి బుట్ట యడుగు వెదకునప్పటికి దక్కినవి పండ్రెండు గింజలు.

ఆ పండ్రెంటిని రెండు దినములు నీట నానవేసి, నాలుగు కుండీలలో మూడేసి చొప్పున అంగుళము లోతున నాటి, ఒక్కొక్క గింజ చెంతను ఒక్కొక్క ఈనెపుల్ల గ్రుచ్చితిని. మట్టి చెఱువునుండి వచ్చినది, ఎరువు పాలమనిషి యింటి దిబ్బనుండి వచ్చినది. గుర్తులు పెట్టితిని గదా, ఇక పొరపాటు రాదని నా ధీమా.

నెల దాటిన పిమ్మట కుండీలు పచ్చబడినవి. పుల్ల ప్రక్కను మొలచినది ఈత, పుల్లకు ఎడముగా మొలచినది కలుపు, ఇదియే నా శాస్త్రము. ఒకనాడొకటి, మఱునాడు రెండు సన్నని మొలకలను పెఱికి దిబ్బపై వైచితిని. నాలుగవది అంత సులభముగా రాలేదు. మట్టిని వదులుచేసి మెల్లగా లాగగా, మొలకతోపాటు తెల్లని త్రాడువంటిదొకటి, ఆ త్రాటి కొసను వ్రేలాడుచు నా ఈతగింజయు వెలికి వచ్చినవి. ముందటి మూడింటికి ఆ త్రాడు నడుమనే తెగి గింజ మట్టిలో నిలిచిపోయినది గావున నాకు ఆనవాలు చిక్కలేదు. నా చేతులు చల్లబడినవి. వసారాలో కూర్చుండి చూచుచున్న మాయత్తగారు, "ఏమమ్మాయీ, కలుపు తీయుచుంటివా, కాన్పు చేయుచుంటివా?" అనిరి.

అంతటితో నా పాండిత్యము ముగియలేదు. పుల్ల ప్రక్కనే నిటారుగా, ఠీవిగా నెదుగుచున్న వేఱొక మొలకను అప్పటికి పక్షము దినములనుండి పిల్లలకు చూపుచు, "ఇదిగో, అమ్మమ్మగారి యూరి ఈతచెట్టు" అని మురియుచుంటిని. ఇప్పుడు దాని మొదటిని వ్రేళ్లనడుమ నుంచి త్రిప్పి చూచితిని. అది గుండ్రముగా లేదు, మూడు పలకలుగా నుండెను. అది తుంగ!

మా నాయనగారు నాచేత ఎనిమిదవ యేటనే అమరకోశము వల్లెవేయించిరి. అందు వనౌషధివర్గము తుదిని తాళము, నారికేళము, పూగము, ఖర్జూరము మొదలగువాని నన్నిటిని ఒక్కచో చేర్చి, వానికి తృణద్రుమములని పేరు పెట్టినారు. అనగా గడ్డిజాతి చెట్లు. తాటికి తృణరాజమనియే నామము. నేటి వృక్షశాస్త్రజ్ఞులును గడ్డిని, తాటిని, ఈతను ఒక్క యేకదళబీజ వర్గముననే చేర్చుచున్నారు. విత్తునుండి ఒకే బీజదళము, ఆకున సమాంతరముగా సాగు ఈనెలు, తల్లివేరు నిలువక గుంపుగా బయలుదేఱు వేళ్లు, ఇవి రెంటికిని సమానమైన లక్షణములు. కాబట్టి శైశవమున ద్రుమము తృణమువలెనే కనబడుట వింత కాదు. నాకు నోటికి వచ్చినది కంటికి రాకపోవుటయే వింత.

ఇక మొలక పుల్లకు దూరముగా ఏల వచ్చినది? తేగలు తిన్న మన స్త్రీలకు ఈ రహస్యము క్రొత్తది కాదు. తాటిటెంకలను మట్టిలో పాతర వేసినప్పుడు టెంకనుండి మొదట వెలువడునది పైకి రాదు. లోనికి, ఇంకను లోనికి దిగును. ఆ దిగిన కాడయే, పిండి నిండి, మనము కాల్చియు ఉడికించియు తిను తేగ. తేగను నిలువున చీల్చినచో నడుమ సన్నగా కనబడు చందమామయే ముందు పైకి రావలసిన లేత యాకు. టెంకలో మిగులు తెల్లని బుర్రగుంజు లోపలి యాహారమును పీల్చి మొలకకు అందించు అవయవము. అందుచేతనే తాటిని చిన్న కుండీలో నాటరాదు. నాటినచో ఆ కాడ యడుగునకు పోయి చుట్టుకొనును, లేదా నీరు పోవు రంధ్రమునుండి వెలికి తొంగిచూచును. పైని మాత్రము నెలల తరబడి ఏమియు కనబడదు. "టెంక చచ్చినది" అని కుండీ బోర్లించిన యిల్లాండ్రు ఎందఱో!

ఈతయు, ఖర్జూరమును ఇదే పద్ధతిని కొంచెముగా అనుసరించును. గింజ నొక వైపున చాలు, రెండవ వైపున నడుమ చిన్న చుక్క కనబడును. ఆ చుక్క కడనుండి బీజదళపు కాడ వెడలి, వంగి, క్రిందికి దిగి, తన కొసను వేరును, చిగురును ఏర్పఱచును. కావున ఆకు నేలను చీల్చుకొని వచ్చు తావు గింజ నాటిన తావు కాదు. అంగుళమో, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెమెక్కువయో ఎడముగా నుండును. నా ఈనెపుల్లలు గింజకు గుర్తులే గాని మొలకకు గుర్తులు కావు. పోక, కొబ్బరి అట్లు కావు. వాని మొలక కాయను అంటియే లేచును. పోక తొలి యాకు చేపతోకవలె రెండుగా చీలియుండును. అలంకారమునకు పెంచు అరెకాపామ్ తొలి యాకును అట్టిదే. కొబ్బరి తొలి యాకులు చీలక ఒక్కటే రేకుగా నుండి, పిదప వచ్చునవి చీలును. వీనిని చూచి గడ్డి యని యెవ్వరును భ్రమపడరు. భ్రమ యంతయు ఈత, ఖర్జూరములతోడనే.

కనుక ఆ సోదరికిని, మీకును నేను చెప్పు ఆనవాళ్లు ఇవి. మొదటిది స్పర్శ. ఈతమొలక యాకు మందముగా, బిరుసుగా, నిలువు మడతలు కలిగి, సూదిమొనతో నుండును. గడ్డియాకు పలుచన, వ్రేలితో త్రోసినచో వాలిపోవును. రెండవది మొదలు. గడ్డికి కొన్నిదినములలోనే కణుపులు కనబడును, ఆకు కణుపును ఒరవలె చుట్టుకొనియుండును. తుంగకు మొదలు మూడు పలకలు, ఆకులు మూడు వరుసలు. ఈతకు కణుపును లేదు, పలకలును లేవు. మట్టిలోనుండి ఒకే యాకు ఈటెవలె లేచును. మూడవది కాలము. ఇదియే గృహిణికి అన్నింటికంటె నమ్మకమైనది. పదిదినములలో నాలుగైదాకులు వేసి ప్రక్కలకు పిలకలు తొడిగినది గడ్డి. ఒక్క యాకుతో నిలిచి, రెండవదానికై వారములు, నెలలు ఆలోచించునది ఈత. ఇంకను అనుమానము తీఱనిచో నాలుగవది కలదు. చెంచా కాడతో మొలక ప్రక్కను మట్టిని మెల్లగా తొలగించి, క్రిందను గింజ తగులుకొని యున్నదేమో చూచి, మరల మట్టి కప్పవలెను. లాగి చూచుట కాదు, తొలగించి చూచుట.

మిగిలిన యతిథుల మాట. మూడు హృదయాకారపు రేకులు, పచ్చని చిన్న పూలు గలది పులిచింత. నోట వేసుకొన్న పుల్లగా నుండును. దాని కాయ పండి పగిలినప్పుడు గింజలు ప్రక్క కుండీలకును ఎగిరిపడును గావున కాయ కాయకమునుపే తీసివేయవలెను. చామంతి యాకువలె చీలిన యాకులు నేలకంటి చక్రముగా పఱచుకొన్నచో అది వయ్యారిభామ కావచ్చును. 1950ల దశకములో పూణె ప్రాంతమున కనబడి దేశమంతట వ్యాపించిన యీ మొక్క అనేకుల చర్మమునకు దురదను, దద్దులను కలిగించును. దానిని పూయకమునుపే, చేతికి గుడ్డయో సంచియో తొడుగుకొని తీయవలెను. పిల్లలచేత తీయింపరాదు. ఎఱ్ఱవాఱిన లేత యాకులతో, గిల్లిన పాలు కాఱునది పక్షులు తెచ్చిన రావియో మఱ్ఱియో అయి యుండును. కుండీలో ఉంచినచో దాని వేళ్లు కుండీని పగులగొట్టును. రావిని త్రుంచుటకు మనసొప్పనివారు వేరుతో తీసి చెఱువుగట్టున నాటవచ్చును. మట్టిపై నాచు పట్టినచో అది పగవాడు కాదు, హెచ్చరిక చేయు చుట్టము. నీరెక్కువైనది, ఎండ తక్కువైనది అని చెప్పుచున్నది.

తుంగమాట మాత్రము వేఱు. 1977లో హోమ్, ప్లక్నెట్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రపంచపు కలుపు మొక్కల గ్రంథమున అన్నిటికంటె చెడ్డ కలుపుగా మొదటి స్థానము దీనికే యొసగిరి. ఔషధములలో తుంగముస్తలని మనము వాడునవి దీని గడ్డలే. ఒక గడ్డనుండి సన్నని వేరుకాడ, దాని కొసను మఱియొక గడ్డ, ఈ విధముగా గొలుసు సాగును. పైభాగమును లాగినచో కాడ తెగును, గడ్డ నవ్వుచు లోననే యుండును. ఈతమొలక చెంతనున్న తుంగను లాగవలదు. లాగినచో రెండును కదలును. కత్తెరతో నేలమట్టమునకు కత్తిరించుచు, అది మరల లేచినప్పుడెల్ల మరల కత్తిరించుచు పోవలెను. ఆకు నిలువనిచో గడ్డకు బలము చాలక క్రమముగా క్షీణించును. ఈత నాలుగాకులదై కుండీ మార్చునాడు వేళ్లనడుమనున్న గడ్డలను ఏఱివేయవచ్చును. ఈతజాతికి ఎదుగుదల యంతయు ఒక్క మొవ్వునందే యుండును. అది విఱిగినచో మొలకకు మఱి దిక్కులేదు. ఈ యొక్క మాట గుర్తున్నచో చేయి దానియంతట అదియే మెల్లబడును.

ఆ సోదరి భయపడిన పచ్చగొడుగులు ల్యూకోకొప్రినస్ బిర్న్‌బౌమీ అను పుట్టగొడుగు లయి యుండును. వెచ్చగా, తేమగా నుండు కుండీలలో ఇవి సామాన్యముగా మొలచును. మట్టిలోని క్రుళ్లిన ఆకును, పొట్టును తిని బ్రదుకును గాని మొక్క వేరును ముట్టవు. ఒకటి రెండు దినములలో వాలిపోవును. అయినను ఇవి తినదగినవి కావు. తిన్నచో వాంతులు, కడుపునొప్పి కలుగును. ప్రాకు పిల్లలున్న యింట వానిని కాగితముతో పట్టి తీసి, పాతిపెట్టి, చేతులు కడుగుకొనవలెను. వానికై మట్టినంతయు మార్చి మొలకల ప్రాణము తీయవలదు. మఱియొకటి: ఖర్జూరజాతి మొక్కల వేళ్లపై తెల్లని పిండి చల్లినట్లు చుక్కలు కనబడినచో పురుగని భ్రమపడి మందు పోయకుడు. అవి వేరు గాలిని పీల్చు తావులు.

ఇన్ని యతిథులు ఎక్కడనుండి వచ్చినవందురా? చెఱువుమట్టితో తుంగగడ్డలు, సరిగా మాగని పశువుల యెరువుతో గడ్డిగింజలు, పక్షులతో రావి, గాలితో నాచు, పుట్టగొడుగుల బీజములు. అందుచేత ఈ సంవత్సరము నేనొక యుపాయము చేసితిని. గింజలు నాటిన దినముననే అదే మట్టి, అదే యెరువు నింపి, గింజ వేయని కుండీ నొకదానిని వాని సరసనే ఉంచి, అన్నిటితోపాటు నీరు పోయుచున్నాను. దానిని మా యింట సాక్షికుండీ యందురు. అందు మొలచిన దెల్ల మట్టిసొమ్ము. అందు లేక గింజలున్న కుండీలో మాత్రమే కనబడినది నా సొమ్ము. మావారు బడిలో పిల్లలకు ఇదే పాఠముగా చెప్పుచున్నారట. సాక్షికుండీ లేని పరీక్ష పరీక్ష కాదని వారి మాట.

ఇక నా పండ్రెండు గింజల లెక్క. మూడు నా చేత చచ్చినవి. రెండు మొలవక క్రుళ్లినవి. త్రాటితో వెలికివచ్చిన నాలుగవ మొలకను ఆ క్షణముననే గింజతోకూడ మట్టిలో పెట్టి, నీడనుంచి, పక్షము దినములు కాచితిని. అది బ్రదికినది. తక్కిన ఆఱును దానితో కలిపి ఏడు మొక్కలు నేడు మా పెరటిలో నున్నవి. పోతో పెంటియో పూచిననాడు గాని తెలియదు. ఈతలో రెండును వేఱువేఱు చెట్లు. పండ్లు కాచునవి పెంటిచెట్లు మాత్రమే. ఆ దినమునకు ఇంకను కొన్ని సంవత్సరములు పట్టును.

మాయమ్మ ఫోను చేసినప్పుడెల్ల మొదటి మాట "మొలకలు వచ్చినవా?" అనియే. "వచ్చుచున్నవి" అని కొన్నాళ్లు దాటవేసితిని. తుదకు సిగ్గు విడిచి, గడ్డి యనుకొని నీ చెట్టు పిల్లలను మూడింటిని నా చేతితోనే పెఱికితి నమ్మా అని చెప్పివైచితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట ఇట్లనెను:

"ఆ చెట్టును మాత్రము ఎవరు నాటినా రనుకొంటివే? నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో మాయత్తగారు గేదెకు గట్టుమీద గడ్డి కోయుచుండగా చేతికి ముల్లు తగిలినదట. ఏమిటాయని కొడవలి ప్రక్కన పెట్టి చూచి, ఈతపిల్ల యని విడిచిపెట్టినది. ఏ కాకియో వేసిన గింజ. ఆమె కోసియుండిన నీకు పండ్లెక్కడివి? ముల్లు రాకముందు నీకు తెలియలేదు. దానికేమిలే. ఏడున్నవి గదా, ఒకటి నాకు తెచ్చియిమ్ము."

నేను పుట్టకమునుపే ఒక యిల్లాలు కొడవలిని ఒక్క నిమిషము ఆపినది. నా బాల్యపు వేసవులన్నియు ఆ నిమిషమున పండినవే. ఆ సంగతి యెఱుగక నేను చెట్టు విలువను లెక్కించితిని గాని, చేయి నిలుపుట విలువను లెక్కింపనైతిని.

వానలు తగ్గినపిమ్మట ఒక కుండీని పుట్టినింటికి తీసికొని పోవుదును. మీ కుండీలలోను గుర్తు తెలియని మొలక యున్నచో దాని యాకు, మొదలు, మొలచి యెన్ని దినములైనది, ఈ మూడును వ్రాసి పంపుడు. తెలిసినంత చెప్పెదను. అందాక చేయి ఆపుడు. వచ్చు మాసము తులసికోటలో చేరు చీమల సంగతి ముచ్చటింతము.